నాంచారమ్మ కూర్చున్న మూడు గంటలు

ఇప్పలకోన అని ఒక అడవి. పేరుకు తగ్గట్టే కోన నిండా ఇప్పచెట్లు. అక్కడ ఏనుగులు, ఎలుగులు, కుందేళ్లు, ముంగిసలు, నెమళ్లు, ముళ్లపందులు అన్నీ ఉండేవి. పొద్దున కొట్లాడుకునేవి, సాయంత్రం మళ్లీ ఒకే వాగులో నీళ్లు తాగేవి.

ఆ అడవిలో ఒక బడి కూడా ఉండేది. పెద్ద బండ కింద నీడలో ఎలుగుబంటి మేష్టారు పాఠాలు చెప్పేవారు. ఎక్కాలూ పద్యాలూ అనుకునేరు! ఏ దుంప తింటే ప్రాణం పోతుంది, వేటగాడి ఉచ్చు ఎలా ఉంటుంది, వాగు పొంగితే ఎటు పరిగెత్తాలి, ఇవీ అక్కడి పాఠాలు. రోజుకు నాలుగు పాఠాలు, ఒక్కోటి ఒక గంట. గంట అయిందంటే వడ్రంగిపిట్ట బోలు మానును ముక్కుతో టకటకటకమని కొట్టేది. అదే బడిగంట.

అంకమ్మ అనే ముళ్లపంది తన కొడుకు కొండడిని ఆ బడిలో చేర్చింది. చేర్చక ఏం చేస్తుంది? కొండడి నాన్న కిందటేడే ఉచ్చులో పడి చనిపోయాడు. ఆకుల కింద దాచిన తీగను ఆయన చూసుకోలేదు, పాపం. "ఆయనకీ ఆ పాఠం రాదు, నాకూ రాదు. వీడికొక్కడికి వస్తే చాలు" అని అంకమ్మ కనబడ్డ చెట్టుకల్లా మొక్కుకుంది.

కొండడు మంచివాడు. మాట నెమ్మది, చూపు చురుకు. ఒక్కటే చిక్కు. ఉన్నట్టుండి చప్పుడైతే వాడి గుండె ఝల్లుమనేది, ఒంటిమీది ముళ్లన్నీ నిక్కబొడుచుకునేవి. వాడు కావాలని చేసేది కాదు. మనకు తుమ్ము వస్తే ఆపుకోగలమా? ఇదీ అంతే.

బడిలో మొదటి రోజు గంట మోగింది. పక్కనున్న కుందేలు పిల్ల చుక్కి ముక్కుకు ముల్లు దిగింది. రెండో రోజు ముంగిస పిల్లాడి చెవికి. మూడో రోజుకల్లా అడవంతా ఒకటే గోల.

"ఆ పిల్లాడు ముళ్లు విసురుతాడట!"

"గురి చూసి మరీ విసురుతాడట, అమ్మో!"

ముళ్లపందులు ముళ్లు విసరవు పిల్లలూ. ఆనుకుంటేనే గుచ్చుకుంటాయి. కానీ చాడీలు చెప్పేవాళ్లకు తీరిగ్గా వినే ఓపిక ఎక్కడిది?

మేష్టారు తల పట్టుకున్నారు. "అమ్మా అంకమ్మా, నాకు ముప్ఫై మంది పిల్లలు. ఉన్నవి రెండు కళ్లు. వీడొక్కడినే చూస్తూ కూర్చోలేను కదా?"

అంకమ్మ నేరుగా అడవికి పెద్దదైన ఏనుగు పెద్దమ్మ దగ్గరికి వెళ్లింది. పెద్దమ్మ అంతా విని చెవులు ఆడించింది.

"వాడి పక్కన ఎవరినైనా కూర్చోబెడదాం. కానీ ముళ్లపంది పక్కన కూర్చునే ధైర్యం ఎవరికుంది?"

అందరూ నేల చూపులు చూశారు. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు, "నేను కూర్చుంటా" అంది. తాబేలు నాంచారమ్మ. ఆవిడ వీపుకు ముల్లు గుచ్చుకోవాలంటే ముల్లే విరగాలి!

"సరే" అంది పెద్దమ్మ. "రోజుకు మూడు గంటలు నాంచారమ్మ వాడి పక్కన ఉంటుంది. నాలుగో గంట వాడు ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ అంకమ్మా, ఇంకొక్కసారి పిల్లల్లో ఎవరికి ముల్లు గుచ్చుకున్నా బడి మాన్పించక తప్పదు. మిగతా తల్లులకు నేను మాటిచ్చాను."

నాలుగో గంటే ఉచ్చుల పాఠం. అంకమ్మకు ఆ సంగతి తెలుసు. అయినా ఒప్పుకుంది. ముందు బడిలో కాలు నిలవనీ, తర్వాత చూసుకుందాం అనుకుంది.

నాంచారమ్మ పని మొదలైంది. ఆవిడ వచ్చేది, కూర్చునేది. చూసేవాళ్లకు అంతే కనబడేది. ఆ కళ్లు మాత్రం వడ్రంగిపిట్ట మీదే ఉండేవి. పిట్ట గంట కొట్టబోయే ముందు మెడ పైకెత్తేది. అది ఎత్తగానే నాంచారమ్మ కొండడి కాలిని తన కాలితో తట్టేది.

"ఇప్పుడు చప్పుడు వస్తుంది నాన్నా. మూడుసార్లు ఊపిరి తీసుకో."

కొండడు ఒకటి, రెండు, మూడు ఊపిర్లు తీసేవాడు. టకటకటక! ముళ్లు కాస్త కదిలేవి, మళ్లీ పడుకునేవి. అంతే! వాడికి కావలసింది చప్పుడు లేకపోవడం కాదు. వస్తోందని ఎవరో ముందే చెప్పడం.

అంకమ్మ మొదటి వారమంతా పొద వెనక దాక్కుని చూసింది. కొండడు పాఠం వింటుంటే కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రం మంచి దుంపలు ఏరుకొచ్చి నాంచారమ్మ ముందు పెట్టింది.

"అత్తా, నీ రుణం ఎట్లా తీర్చుకోను?"

"దుంపలు తియ్యగా ఉన్నాయి, తీరిపోయింది పో" అంది నాంచారమ్మ నములుతూ.

నలభై రోజులు గడిచాయి. ఒక్కరికీ ముల్లు తగల్లేదు. చుక్కి వచ్చి కొండడి పక్కనే కూర్చోవడం మొదలుపెట్టింది. విషపు దుంపల పాఠంలో కొండడే అందరికంటే ముందు. "నాలుగో గంట కూడా ఉంచుదాం" అని మేష్టారే అన్నారు. ఆ రోజు అంకమ్మ ఇంటికి నడిచి వెళ్లలేదు, గంతులేసుకుంటూ వెళ్లింది.

ఆ మర్నాడే బడిని చూడడానికి ఇనస్పెక్టరు మయూరరావు గారు వచ్చారు. నెమలి. పొడుగాటి పింఛం, అంతకంటే పొడుగాటి గర్వం. ఆయన బడికి వచ్చేది పిల్లల్ని చూడడానికి కాదు, పిల్లలు తనని చూడాలని.

ఆయన నాంచారమ్మను కిందికీ పైకీ చూశారు.

"మేష్టారూ, ఈవిడేం చేస్తోంది?"

"కొండడి పక్కన కూర్చుంటోందండీ."

"కూర్చుంటోందా! కూర్చోవడానికి మూడు గంటలా? ఆ పిల్లాడు ముల్లు లేపి ఎన్ని రోజులైంది?"

"నలభై రోజులండీ."

"ఇంకేం, నయమైపోయింది! ఇంక ఈవిడెందుకు, దండగ కాకపోతే? రేపట్నుంచి నా దగ్గరికి పంపండి. వానలు వస్తున్నాయి. నేను నాట్యం చేసేటప్పుడు ఎక్కి నిలబడడానికి ఎత్తుగా ఒక పీట కావాలి."

మేష్టారు నోరు తెరిచారు, మళ్లీ మూసుకున్నారు. పెద్ద అధికారి కదా, భయం. ఆ రోజూ పొద వెనకనుంచి చూస్తున్న అంకమ్మ మాత్రం పరుగున వచ్చింది.

"అయ్యా, ఆవిడ ఉండబట్టే వాడు బాగున్నాడు. తీసేస్తే ఎట్లా? మళ్లీ ఎవరికైనా గుచ్చుకుంటే బడి మాన్పిస్తారు. ఉచ్చుల పాఠం ఇంకా మొదలే కాలేదయ్యా. మీ కాళ్లు పట్టుకుంటాను."

"ఏమ్మా, నాకే పాఠం చెబుతావా? వాడు బాగున్నాడని నువ్వే అంటున్నావు. బాగున్నవాడికి సాయమేమిటి? వెళ్లు వెళ్లు" అన్నారు మయూరరావు గారు. చూశారా, ఎంత తెలివో!

నాంచారమ్మ వెళ్లక తప్పలేదు. వెళ్తూ వెళ్తూ కొండడి చెవిలో చెప్పింది. "భయమేస్తే చుక్కి వైపునుంచి అవతలికి తిరిగిపో నాన్నా."

మర్నాడు మయూరరావు గారు తల్లుల్నీ తండ్రుల్నీ బడికి పిలిపించారు. తన నిర్ణయం ఎంత గొప్పదో అందరూ చూడాలిగా! కొండడిని చుక్కి పక్కనే ముందు వరసలో కూర్చోబెట్టారు. వాడికి వీపు చూపించి నిలబడి, పింఛం విప్పి, ఉపన్యాసం అందుకున్నారు.

"సోదరులారా! సాయం పిల్లల్ని సోమరుల్ని చేస్తుంది..."

కొండడి చెవికి ఆ ఉపన్యాసం ఎక్కలేదు. వాడు నాంచారమ్మ కూర్చునే వైపు చూశాడు. ఖాళీ. వడ్రంగిపిట్టను చూద్దామంటే అడ్డంగా పింఛం. గంట ఎప్పుడు మోగుతుందో, ఎప్పుడు మోగుతుందో! అంకమ్మ గుండె గుప్పిట్లో పెట్టుకుని నిలబడింది.

ఇనస్పెక్టరు గారి గౌరవార్థం అన్నట్టు వడ్రంగిపిట్ట ఆ రోజు రెట్టింపు జోరుగా కొట్టింది. టకటకటకటకటక!

కొండడి ముళ్లు లేచాయి. వాడు వణికిపోతూనే చుక్కికి దూరంగా గిర్రున తిరిగాడు. తిరిగిన వైపు ఉన్నది ఎవరనుకున్నారు? మయూరరావు గారి పింఛం, ఆ పింఛం మొదలు!

"క్యావ్!" అని ఆయన కోన దద్దరిల్లేలా అరిచారు. ఆ అరుపుకు కొండడి మిగతా ముళ్లు కూడా లేచాయి. ఆయన ముందుకు గెంతారు. ఈకలు ముళ్లలో చిక్కుకుని అక్కడే ఉండిపోయాయి. పింఛంలో సగం పోయింది. మిగిలిన సగం చూస్తే చీపురు నయం.

"విసిరాడు! వీడు ముళ్లు విసిరాడు! ఇప్పుడే బడినుంచి గెంటేయండి!"

గోల విని ఏనుగు పెద్దమ్మ వచ్చింది. అంకమ్మ కొడుకును తన వెనక దాచుకుంది. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకుంది.

"ఎవరికి గుచ్చుకుంది?" అని అడిగింది పెద్దమ్మ.

"నాకు" అన్నారు మయూరరావు గారు.

"పిల్లల్లో ఎవరికి?"

చుక్కి ముందుకు వచ్చింది. "ఎవరికీ లేదు పెద్దమ్మా. నాకు తగలకూడదని వాడే అటు తిరిగాడు. నేను చూశాను."

అప్పుడు మేష్టారికి సిగ్గేసింది. "తప్పు నాది పెద్దమ్మా. నాంచారమ్మను తీసేస్తుంటే వద్దని చెప్పాల్సింది. భయపడ్డాను."

పెద్దమ్మ కబురు పెట్టింది. నాంచారమ్మ నడిచి వచ్చేసరికి పొద్దు వాలింది. అప్పటిదాకా ఎవరూ కదల్లేదు.

"నాంచారమ్మా, నలభై రోజులు నువ్వేం చేశావు?"

"కూర్చున్నాను. పిట్ట మెడ ఎత్తినప్పుడల్లా వాడికి చెప్పాను. ఇంకేం చెయ్యలేదు."

"ఇంకా ఎన్నాళ్లు కావాలి?"

"నన్నడిగితే ఏం లాభం? వాడినే అడుగు."

ఇన్ని రోజుల్లో ఆ మాట కొండడిని అడిగినవాళ్లు లేరు. వాడు అమ్మ వెనకనుంచి తల బయటపెట్టి, మెల్లగా అన్నాడు.

"అవ్వ పక్కనుంటే నాకు పాఠం వినబడుతుంది. అవ్వ లేకపోతే గంట కోసమే వింటూ ఉంటాను."

 ముంగిస తల్లి కళ్లు తుడుచుకుంది. అందరికంటే ముందు "విసురుతాడట" అన్నది ఆవిడే.

"విన్నారుగా" అంది పెద్దమ్మ. "రేపట్నుంచి మూడు కాదు, నాలుగు గంటలూ నాంచారమ్మ వాడి పక్కనే ఉంటుంది. ఎప్పుడు తగ్గించాలో వాడూ, వాడి తల్లీ, నాంచారమ్మా కలిసి చెబుతారు. మయూరరావు గారూ, పింఛం మొలిచేదాకా మీరు వెనక వరసలో కూర్చుని పాఠాలు వినండి."

 కూర్చోవాలంటే ముందు ముళ్లు తీయాలిగా! ఆ పని అంకమ్మే చేసింది. "అయ్యా, ఇప్పుడు లాగుతున్నాను, ఊపిరి తీసుకోండి" అని ప్రతి ముల్లుకూ ముందే చెప్పి మరీ లాగింది. నాలుగో ముల్లు దగ్గర మయూరరావు గారు తల దించుకుని, "చెప్పి లాగితే నొప్పి తక్కువేనమ్మా" అన్నారు. ఆ ఏడు వానలకు ఆయన నాట్యం లేదు.

కొండడు నాలుగు గంటలూ చదివాడు. వానలు తగ్గాక ఒక ఉదయం తల్లీ కొడుకులు దుంపల కోసం వాగు దాటి వెళ్లారు. అంకమ్మ ఎప్పటిలాగే ముందు నడుస్తోంది.

"అమ్మా, ఆగు! కాలు కదపకు!"

అంకమ్మ ఆగింది. కొండడు వచ్చి అమ్మ పాదం ముందు ఆకుల్ని జాగ్రత్తగా ఊదాడు. ఆకుల కింద తీగ. ఒక్క అడుగు దూరంలో ఉచ్చు.

అంకమ్మ మెల్లగా ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత బడి ఉన్న దిక్కుకు తిరిగి వంగి దణ్ణం పెట్టింది.

"నాంచారత్తా, నువ్వు చల్లగా ఉండాలి" అంది. కొడుకు వెనకాలే, వాడు చూపించిన దారిలో నడిచింది.

నీతి: సాయం ఉండబట్టి నిలబడ్డవాడిని చూసి, వాడికి సాయం అక్కర్లేదు అనుకోకూడదు. ఎంత కావాలో, ఎన్నాళ్లు కావాలో వాడినే అడగాలి.