గాసయ్య మోసిన సైకిలు

కూర్మయ్య మాస్టారు కూర్చున్నచోట ఏ ప్రశ్నకీ జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని నడిచేవారు. నడవలేనివాడికి జవాబు దక్కేది కాదు.

ఆయన శిష్యుడు జగన్నాథం మన్యంలో ఒక హైస్కూలుకి కొత్తగా వచ్చిన పంతులు. తొమ్మిదిలో చేరిన ఆడపిల్లలకి సర్కారు సైకిళ్లివ్వడం అతనికి మింగుడుపడలేదు. "ఎర చూపిస్తే వచ్చిన పిల్ల చదువుకొచ్చినట్టా, ఎరకొచ్చినట్టా?" అని అడిగాడు. రేపు పొద్దున్నే గెడ్డ దగ్గరికి రమ్మన్నారు మాస్టారు.

వానలకి గెడ్డ నిండుగా పారుతోంది. అవతలి గూడెం నుంచి గాసయ్య నెత్తిన సైకిలు పెట్టుకుని నడుములోతు నీళ్లలోకి దిగాడు. వెనకాల అతని తువ్వాలు చెంగు పట్టుకుని కూతురు జమున, పదో తరగతి. ఒకచోట అతని కాలు జారింది. సైకిలు ఒరగలేదు, పిల్ల చెంగు వదల్లేదు. ఒడ్డెక్కాక గాసయ్య తువ్వాలు పిండి చక్రాలు తుడిచాడు. పిల్ల గంట కొట్టుకుంటూ బడిదారి పట్టింది.

అంత యాతన ఎందుకని జగన్నాథం వాకబు చేశాడు. ఒక్కరోజు బడి మానినా సర్కారోళ్లు సైకిలు పట్టుకుపోతారని గూడెమంతా అంటారని మాస్టారు చెప్పారు. జగన్నాథానికి కోపమూ జాలీ కలిసి వచ్చాయి. తన అనుమానమే నిజమైంది, ఇదంతా సైకిలు మీది భయమే. అయినా తెలియనివాణ్ణి భయపెట్టి చదివించడం అతనికి పాపమనిపించింది. గాసయ్య దగ్గరికి వెళ్లి, అలాంటి రూలేదీ లేదనీ, రేపు పిల్ల మానేసినా సైకిలు వాళ్లదేననీ చెప్పేశాడు. చెప్పాక, ఆ పిల్ల మళ్లీ కనపడదేమోనని భయపడ్డాడు.

గాసయ్య అవతలి ఒడ్డు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"నాకెరికే బాబూ. నిరుడే కనుక్కున్నాను. ఆ మాట గూడెంలో పుట్టించిందీ నేనే. మాయమ్మ సంతకి చింతపండేసుకెల్లేది ఆ సైకిలు మీదే. అది పోద్దన్న బయానికే ముసల్ది పిల్ల మనువు మాటెత్తట్లేదు. మీరు మాత్రం సెప్పకండి."

అని, తువ్వాలు తలకి చుట్టుకుని మళ్లీ నీళ్లలోకి దిగిపోయాడు.

జగన్నాథానికి పుస్తకం ముట్టని ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది, పెట్టాడు కూడా. గాసయ్య వెనక్కి తిరగలేదు కాబట్టి చూడలేదు.

ఒడ్డున కూర్చున్న మాస్టారు కర్ర తీసుకుని లేచారు.

"ఎర వేసింది సర్కారేనయ్యా," అన్నారు. "గాలం ఎవరి చేతిలో ఉందో చూశావుగా. పద, నీ బడికి వేళవుతోంది."