కనకరత్నానికి జోల

అనగనగనగా, గోదారి నడుమ లంకలో ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పాటలమ్మ అనే పెద్దామె ఉండేది. ఏ ఇంట్లో బారసాల జరిగినా, ఉయ్యాల పక్కన నిలబడి జోల పాడాల్సింది ఆవిడే. ఆవిడ గొంతు వింటే ఏడ్చే పిల్లలు నోరు మూసుకుని చూసేవాళ్ళు. నువ్వూ కాస్త నోరు మూసుకుని విను బంగారం, ఆ కాళ్ళు ఆడించకు.

పాటలమ్మకి ఒక్కతే కూతురు, పేరు వరహాలు. ఏటికి అవతలి గట్టున కాపురం. వరహాలుకి పండంటి పాప పుట్టింది. బారసాల పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే గోదారికి వరదొచ్చింది, పడవలు కట్టేశారు. ఊరందరి పిల్లలకీ పాడిన మనిషి, సొంత మనవరాలి బారసాలకి రాలేకపోయింది.

అప్పుడేం చేస్తుంది? వరహాలే ఉయ్యాల ఊపుతూ, వాళ్ళమ్మ పాడే జోల పాడింది. పాడుతూ పాడుతూ మధ్యలో ఆగిపోయింది. "మరి మా అమ్మకి ఎవరు పాడారు?" అనుకుంది.

ఎవరూ పాడలేదమ్మా. ఆవిడ పుట్టిన రోజునే వాళ్ళమ్మ పోయింది. ఆ ఏడుపుల్లో బారసాల ఎవరు చేస్తారు, ఉయ్యాల ఎవరు కడతారు? పేరంటూ ఒకటి పెట్టారు. అందరూ పాటలమ్మా, పాటలమ్మా అని పిలిచి పిలిచి, ఆ పేరూ మర్చిపోయారు. తల్చుకుంటే నాకే గుండె బరువెక్కుతుంది.

ఈ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అమ్మకి జోల అందాలి అనుకుంది వరహాలు. కానీ పచ్చి బాలింత, గొంతులో సత్తువ లేదు. అందుకని గట్టున బాతులు మేపుకునే తన స్నేహితురాలు పుల్లమ్మని పిలిచింది. పుల్లమ్మ కేకేస్తే పక్కూరి బాతులు కూడా వచ్చేసేవి.

"పాట సరే, పాపాయి పేరేంటే?" అంది పుల్లమ్మ. జోలలో పేరు పడకపోతే అది జోలే కాదు కదా. కన్నతల్లినేమో పేరు పెట్టి పిలవకూడదాయె. వరహాలు చెంపలేసుకుని, పేరు పుల్లమ్మ చెవిలో ఊదింది.

పుల్లమ్మ గట్టు మీద నిలబడి గొంతెత్తింది. ఏటి మధ్య దిబ్బ మీద సింహాద్రి ఉన్నాడు. వరదొస్తోందని గేదెల్ని అక్కడికి తోలి, తనూ అక్కడే చిక్కుకుపోయాడు. అతనూ వరహాలు చిన్ననాటి నేస్తమే. పాట విని పిల్లనగ్రోవి తీసి, అదే జోల లంక వైపు ఊదాడు. అప్పుడు చూడు, గేదెలు నెమరెయ్యడం ఆపేశాయి. అంత ఉరుకు మీదున్న గోదారి కూడా చప్పుడు తగ్గించింది. పాట నీళ్ళ మీద తేలుకుంటూ, తేలుకుంటూ లంకకి వెళ్ళింది.

లంక రేవులో వరహాలు నేస్తం అచ్చాయమ్మ బిందె ముంచుతోంది. వినబడేది జోల అని తెలిసింది. కానీ ఎవరికి? పిల్లనగ్రోవికి పేరు పలకడం రాదు కదా. బారసాలలో పేరు మూడుసార్లు పిలుస్తారు. సింహాద్రి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, పుల్లమ్మ పాటలో విన్న పేరుతో "ఓ కనకరత్నమో" అని పిలిచాడు.

"మన లంకలో ఆ పేరున్న పిల్ల లేదే" అనుకుంది అచ్చాయమ్మ. అయినా ఏరు దాటి వచ్చిన జోలని వట్టినే పోనిస్తారా? అరుగు మీది ఉయ్యాలబల్ల తుడిచి, దీపం పెట్టి, అమ్మలక్కల్ని కేకేసింది.

సింహాద్రి రెండోసారి పిలిచే వేళకి పాటలమ్మ విసవిసా వచ్చేసింది. వస్తూనే తిట్లు. "ఎవరింట్లోనే బారసాల? నాకు కబురెట్టలేదేంటి? నేను చచ్చాననుకున్నారా?" అంటూ అలవాటు చొప్పున ఉయ్యాల పక్కన నిలబడి, గొంతు సవరించుకుంది.

అప్పుడు ఏటి మీంచి మూడోసారి వినబడింది. "ఓ కనకరత్నమో."

పాటలమ్మ పాట ఎత్తబోయి, ఏటి వైపు తిరిగింది.

"ఎవరత్తా ఆ పాప?" అని అడిగింది అచ్చాయమ్మ.

"నేనేనే" అంది పాటలమ్మ. "అది నా పేరే. మా వరహాలుకి తప్ప ఇంకెవరికీ తెలీదు."

ఆ తర్వాత అమ్మలక్కలు ఆవిడ చెయ్యి పట్టుకుని ఉయ్యాలలో కూర్చోబెట్టారు. "ఈ వయసులో నాకేంటే, నలుగురూ నవ్విపోతారు" అంది. ఎవరు వింటారు? తల నెరిసిన పాపాయికి బుగ్గన చుక్క పెట్టారు. సింహాద్రి పిల్లనగ్రోవికి తమకి తోచిన మాటలు కలిపి, ఊపుతూ పాడారు.

జోజో కనకరత్నం, ఊగవే ఉయ్యాల,
ఏరు దాటి వచ్చింది నీ కూతురి జోల,
పాడి పాడి అలిసినావు పగలూ రేయీ చాల,
పాడతాం మేమింక, పవ్వళించవే బాల.

పాటలమ్మ ముందు నవ్వింది. ఆ తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత ఆ బల్ల మీదే ముడుచుకుని పడుకుంది. పుట్టి ఇన్నేళ్ళకి, ఒకళ్ళు పాడుతుంటే ఆవిడ నిద్రపోయింది. లేస్తుందేమోనని అమ్మలక్కలు మెల్లిగా, ఇంకా మెల్లిగా పాడుతూనే ఉన్నారు.

కథ వెళ్ళింది కంచికి,
కునుకొచ్చింది కంటికి,
మనమూ చేరాం ఇంటికి.