తాబేటికొండ నేర్చిన మాట

ఒకప్పుడు కొండలకు సొంత మాటలుండేవి. పిలిస్తే పలికేవి, అడిగితే చెప్పేవి.

అడవిలో తాబేటికొండ అని ఒకటుండేది. ఎంత మంచి మనసో దానిది! ఎలుగుబంటి వచ్చి ఈ ఇప్పపూలు ఎవరివంటే, "నీవే నాయనా, తిను" అనేది. తేనెటీగ అడిగినా అదే మాట, గూడెంలో మనుషులడిగినా అదే మాట. అయినా తగువనేది లేదు. ఎందుకంటే ఆ గూడెంలో ఎవరూ ఒంటరిగా ఏదీ తేల్చేవారు కారు. ఏ వాలున పోడు కొట్టాలో, ఏ వాలును ఊరికే వదలాలో అందరూ కూర్చుని, కొండనూ అడిగి, ఒక్కమాట మీదకొచ్చాకే గొడ్డలి పట్టేవారు.

ఒకనాడు పల్లం నుంచి ఒక దొర గుర్రమెక్కి వచ్చాడు. "ఈ కొండ ఎవరిది?" అని అడిగాడు.

"నీదే నాయనా" అంది కొండ, అలవాటు కొద్దీ.

దొర నవ్వాడు. కొండే ఇచ్చేసింది కదా, రేపు సాక్షుల ముందు మళ్ళీ అనిపిస్తాను, ఆపైన మీరు మూటాముల్లె సర్దుకోండని గూడెంవాళ్ళకు చెప్పి పోయాడు.

గూడెంలో పెద్దది పాండమ్మ. కర్ర పట్టుకుని కొండ దగ్గరికి వెళ్ళింది. కొండ ఒకటే ఏడుపు.

"అడిగినవాడికి లేదనడం నాకు చేతకాదే పాండీ."

పుట్టిన్నాటి నుంచి ఆ కొండ దుంపలే తిన్న మనిషి. అలాంటి కొండకు లేదనడం ఎలా నేర్పుతుంది? చాలాసేపు ఆలోచించింది. "లేదనొద్దులే తల్లీ. ఎవరేమంటే అదే తిరిగి అను, చాలు" అంది.

మర్నాడు దొర సాక్షులతో వచ్చి "ఈ కొండ ఎవరిది?" అన్నాడు. కొండా అదే తిరిగి అడిగేసరికి "నాది" అని అరిచాడు.

"నాది" అంది కొండ.

"నీది కాదు, నాది."

"నీది కాదు, నాది."

ఇదేదో తగువులో ఉన్న కొండలా ఉంది దొరా, అన్నారు సాక్షులు.

పాండమ్మ అల్లుడు ఆగలేక "మాది" అని అరిచాడు. కొండా "మాది" అంది. ఇదీ తగువేనని సాక్షులు తల అడ్డంగా ఊపారు.

పాండమ్మకు నవ్వొచ్చింది. "మాది అంటే అవతలివాళ్ళను గెంటినట్టే కదా అల్లుడూ. కొండకు కోపం రాదూ?"

గూడెమంతటినీ పిలిచింది. ఎలుగుబంటిని, తేనెటీగల్ని కూడా పిలిచింది. అందరూ ఒక్క గొంతుతో "మనది" అన్నారు.

"మనది" అంది కొండ. వెనకున్న కొండలన్నీ "మనది, మనది" అంటూ అందుకున్నాయి.

దానికి ఎదురుమాట ఎక్కడుంది? సాక్షులు కొండకు దణ్ణం పెట్టి దిగిపోయారు. దొర గుర్రం కూడా వాళ్ళ వెనకే దారి పట్టింది.

అప్పటినుంచే కొండ తన మాట దాచుకుని, మనమన్నదే మనకు తిరిగి అంటోంది. నాది అన్నవాడితో ఈనాటికీ తగువాడుతుంది. మనది అంటే చాలు, ఊ కొడుతుంది.