పైడమ్మ కూత, బైరాగి అరుపు

అనగనగా ఇప్పలమెట్ట అని ఒక అడవి. ఆ అడవికి ఒక చెడుగుడు జట్టు ఉండేది. ఆ ఏడాది అప్పటికి ఆ జట్టు ఆడిన ఆటలు ఎనిమిది. ఓడినవి కూడా ఎనిమిదే.

ఓడిన జట్టు ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని, నాలుగు ఆకులు నమిలి పడుకునేది. నిద్ర పట్టనిది ఆట చూసినవాళ్ళకి. మర్నాడు పొద్దున్నే మేత కూడా మానేసి వాళ్ళంతా మెట్ట మీది నల్లబండ దగ్గర చేరేవారు. ఎందుకంటారా, తప్పెవరిదో తేల్చడానికి. తేలేదాకా బండ దిగకూడదని ఒక కట్టుబాటు. తేలాక, తప్పు చేసినవాళ్ళు బండెక్కి అందరూ చూస్తుండగా మూడు గుంజీళ్ళు తీసి, జట్టులోంచి తప్పుకోవాలని ఇంకో కట్టుబాటు. గెలిస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ కట్టుబాటు పెట్టుకోలేదు. ఆ అవసరం రాలేదు మరి.

బండ మీద పెద్ద గొంతు ఎలుగుబంటి బైరాగిది. అతను అరిస్తే అవతలి కొండ మీద పిట్టలు లేచేవి. జట్టు నిలబడి ఉందంటే తన అరుపు వల్లేనని అతని నమ్మకం. పెద్ద తెలివి నక్క చిట్టెయ్యది. చెడుగుడు గురించి అతనికి తెలియని సంగతి లేదు. ఆడటం ఒక్కటే తెలియదు.

బండకి కాస్త దూరంలో ఒక పొద. ఆ పొదలో కుందేలు పైడమ్మ ఉండేది. ఇప్పలమెట్ట జట్టులో కూతకు వెళ్ళేది పైడమ్మే. పాపం, కుందేలు చెవులు కదా, వద్దనుకున్నా బండ మీది మాటలన్నీ ఆ చెవుల్లో పడేవి.

కూత అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. చెడుగుడులో ఒకళ్ళు గీత దాటి అవతలి బరిలోకి వెళ్తారు. వెళ్ళిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా ఒకే ఊపిరి మీద 'చెడుగుడు చెడుగుడు' అంటూనే ఉండాలి. అవతలివాళ్ళని ముట్టుకుని, మాట తెగకుండా వెనక్కొస్తే గెలుపు. మాట తెగిందా, ఎవరూ పట్టుకోకపోయినా అవుట్. తెగిందో లేదో చెప్పడానికి ఒక పెద్దమనిషి ఉండాలి. ఆ పని పెద్దకొండ ఏనుగు తాతది. ఆయన చెవులు చేటలంత ఉంటాయని ఇప్పలమెట్ట వాళ్ళూ, ఎదుటి జట్టు వెదురుకోన అడవివాళ్ళూ కలిసి ఆయన్ని పెట్టుకున్నారు.

ఆరో ఆట ఓడినప్పుడు బండ మీద తప్పు ఉడుము సోములుది అని తేలింది. సోములు పట్టుకుంటే వదిలేవాడు కాదు. కానీ ఆ రోజుల్లో అతనికి ఒంటి మీద పొలుసులు ఊడుతున్నాయి. పొలుసులే నిలవనివాడికి పట్టు ఏం నిలుస్తుందని చిట్టెయ్య అడిగాడు. అబ్బో, ఎంత తెలివైన మాటో అని అందరూ తలలూపారు. సోములు బండెక్కి ఆ పొట్టి కాళ్ళతో గుంజీళ్ళు తీశాడు. పైకి లేచాడో, కిందికి కూర్చున్నాడో తెలియక మూడింటికి బదులు ఏడు తీయించారు. అతని చోటులోకి చిట్టెయ్య బావమరిది వచ్చాడు. ఆ బావమరిది ఏడో ఆటలో అవతలివాళ్ళు కూతకు రాగానే మూలకెళ్ళి కూర్చున్నాడు.

ఏడో ఆట కూడా పోయింది. ఈసారి తప్పు నాయకుడు కణుజు రామినాయుడిది. కణుజులకి, అంటే ఆ పెద్ద కొమ్ముల జింకలకి, ఏడాదికోసారి కొమ్ములు రాలతాయని మీకు తెలుసు. రామినాయుడికి సరిగ్గా అప్పుడే రాలాయి. కొమ్ముల్లేనివాడి మాట ఎవడు వింటాడని బైరాగి గద్దించాడు. అవి మళ్ళీ మొలుస్తాయని రామినాయుడు చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. గుంజీళ్ళు తీసి తలవంచుకుని వెళ్ళిపోయాడు.

ఎనిమిదో ఆట పోయాక బండ మీద పైడమ్మ పేరు వచ్చింది.

పొదలో పైడమ్మ చెవులు రెండూ వీపుకి ఆనించుకుని పడుకుంది. అయినా వినపడింది. ఈ ఏడాది ఏనుగు తాత పైడమ్మని పదకొండుసార్లు కూత తెగిందని అవుట్ చేశాడట. లెక్క చిట్టెయ్య చెప్పాడు. కుందేలు గుండె చిన్నది, అందులో గాలెంత పడుతుందన్నాడు. బైరాగి అయితే ఇంకో మెట్టెక్కాడు. తాను గొంతు చించుకుని అరుస్తుంటే ఆమె ఊపిరి దాచుకుంటోందని, అడవి మీద ప్రేమ లేదని అన్నాడు. చివరికి తీర్పు ఇదీ: ఇంకొక్క ఆట ఉంది. అందులో ఒక్కసారి కూత తెగినా పైడమ్మ గుంజీళ్ళు తీసి, మళ్ళీ బరి వైపు రాకూడదు. ఏ ఏడాదీ రాకూడదు.

పైడమ్మకి గుంజీళ్ళ భయం లేదు. బరి పోతుందనే భయం. అడవిలో కుందేలంటే ఏమిటి? ఆకు రాలినా పారిపోయేది. పుట్టిన దగ్గర్నుంచి పైడమ్మ పారిపోతూనే ఉంది. నక్కని చూసి, డేగని చూసి, ఒక్కోసారి తన నీడని చూసి. ఒక్క బరిలోనే ఆమె ఎదురు వెళ్ళేది. గీత దాటి, ఏడుగురి మధ్యకి, పళ్ళూ గోళ్ళూ ఉన్నవాళ్ళ మధ్యకి, తనంతట తాను వెళ్ళేది. ఆ గీత పోతే ఇక మిగిలేది పొదే.

నిజంగా ఊపిరి చాలడం లేదేమోనని ఆమెకీ అనుమానం వచ్చింది. సోములుని వెంటబెట్టుకుని ఏటి ఒడ్డుకి వెళ్ళింది. అక్కడో పెద్ద రాయి ఉంది. కూత పెడుతూ దాని చుట్టూ తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. మూడో చుట్టు చివర ఆగింది, అదీ కాలు జారి.

"ఎక్కడ తెగింది, సోములన్నా?" అని అడిగింది.

"తెగలేదు చెల్లీ. నీ కూత వింటూ నేనే ఊపిరి పీల్చడం మర్చిపోయాను" అన్నాడు సోములు.

మరి ఏనుగు తాత ఎందుకు అవుట్ ఇచ్చినట్టు? పైడమ్మ పెద్దకొండ ఎక్కి ఆయన్నే అడిగింది. ఏనుగు తాత వెదురు నములుతున్నాడు. నమలడం పూర్తిచేసి ఆమె వైపు తిరిగాడు.

"నీ కూత తెగిందని నేనెప్పుడూ అనలేదమ్మా. వినపడలేదన్నాను. వినపడని కూత తెగినట్టే లెక్క, అది నియమం" అన్నాడు.

ఇంత చెవులు పెట్టుకుని వినపడకపోవడమేమిటన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. పెద్దవాడని ఆగింది. ఆయనకి అర్థమైంది.

"నువ్వు గీత దాటగానే మీవాళ్ళు మొదలుపెడతారు. ఎడమకి వెళ్ళమని ఒకడు, కుడికి రమ్మని ఒకడు. ఆ ఎలుగుబంటి సంగతి సరేసరి. అవతలివాళ్ళు కూతకు వచ్చినప్పుడేమో మీవాళ్ళు గుసగుసగా తప్పెవరిదో మాట్లాడుకుంటుంటారు. అప్పుడు నాకు చక్కగా వినపడుతుంది."

"వెదురుకోన వాళ్ళు అరవరా తాతా?"

"వాళ్ళకి అరవాల్సిన పనేముంది? ఆ పని మీవాళ్ళే చేసిపెడుతున్నారు."

ఆ సంగతి ఇప్పలమెట్ట వాళ్ళకి చెప్పలేకపోయారా అని అడిగింది పైడమ్మ. రెండుసార్లు చెప్పానని, ఆ గోలలో వాళ్ళకి వినపడలేదని ఏనుగు తాత అన్నాడు. మళ్ళీ వెదురు అందుకున్నాడు.

పైడమ్మ సరాసరి నల్లబండ దగ్గరికి వెళ్ళింది. తప్పు తేలకుండానే తమంతట తాము బండ దగ్గరికి వచ్చిన ఆటగాళ్ళు అంతకు ముందు లేరు. అందుకే కాసేపు అందరూ ఊరుకున్నారు. ఆ కాసేపట్లోనే ఆమె చెప్పవలసింది చెప్పేసింది.

తర్వాత మొదలైంది గోల. తాము అరవబట్టే జట్టు ఓడుతోందా, ఎంత మాట అన్నారు. తొమ్మిది నెలలుగా గొంతు బొంగురుపోయేలా అరుస్తున్నవాళ్ళకి ఇదా ఫలితమన్నారు. ఆడేవాళ్ళు ఓడి, చూసేవాళ్ళ మీద నెట్టడం ఎక్కడైనా ఉందా అన్నాడు చిట్టెయ్య. బైరాగికైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతనిది నటన కాదు. నిజంగానే బాధపడ్డాడు.

"నేను అరవకపోతే నీకు ధైర్యం ఎక్కడిది పైడమ్మా?" అన్నాడు.

"గీత దాటేటప్పుడు ధైర్యం నాదే మావా. మీ అరుపు వద్దనను. వెనక్కొచ్చాక అరవండి. నేను అవతల ఉన్నంతసేపు మాత్రం ఊరుకోండి. అంతే" అంది పైడమ్మ.

చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఒప్పుకున్నారు. నమ్మి ఒప్పుకోలేదు. ఊరుకుని కూడా ఓడితే తప్పు పైడమ్మదేనని సాక్ష్యంతో తేలిపోతుందని చిట్టెయ్య చెవిలో ఊదితే ఒప్పుకున్నారు.

చివరి ఆట వచ్చింది. బరి చుట్టూ ఇప్పలమెట్ట అంతా నిండింది. పైడమ్మ గీత దాటింది. అరవడానికి అలవాటుపడ్డ నోళ్ళు ఎంత అవస్థపడ్డాయో చెప్పలేం. ఒకడు తోక కొరుక్కున్నాడు. ఒకతె పిల్ల నోరు మూసి, ఆనక తన నోరు మూసుకుంది. బైరాగి రెండు చేతులూ నోట్లో పెట్టుకున్నాడు.

అప్పుడు వినపడింది. తొమ్మిది ఆటల్లో మొదటిసారి ఇప్పలమెట్ట తన జట్టు కూత విన్నది. సన్నగా, తెగకుండా, తేనెటీగ ఎగిరినట్టు. పైడమ్మ ఇద్దరిని ముట్టుకుని వెనక్కొచ్చింది. ఏనుగు తాత తొండం ఎత్తాడు. సరైన కూత.

రెండోసారి వెళ్ళింది. ముగ్గురిని ముట్టుకుంది. ఆ కూత విని మిగతా ఆటగాళ్ళకీ ఊపు వచ్చింది. బావమరిది సైతం మూల వదిలి ఒకడి కాలు పట్టుకున్నాడు. ఆట చివరికొచ్చేసరికి పాయింట్లు సమానమయ్యాయి. ఒక్క కూత మిగిలింది. అది పైడమ్మది.

ఆమె గీత దాటింది. వెదురుకోన బరిలో, బయటికెళ్ళి మళ్ళీ లోపలికొచ్చినవాళ్ళతో కలిపి, ముగ్గురున్నారు. పైడమ్మ వంగి అడవిపంది డెక్క ముట్టుకుంది. తిరిగేలోపల ముంగిస వెనక కాలు పట్టుకుంది. దుమ్ములగొండి నడుం పట్టుకుంది. పైడమ్మ కింద పడింది. పడినా కూత ఆపలేదు. మట్టిలో పొట్ట ఈడ్చుకుంటూ ముందుకాళ్ళతో పాకింది. గీత మూరెడు దూరంలో ఉంది. జానెడు దూరంలో ఉంది. ముట్టుకుంటే చాలు, ఆట ఇప్పలమెట్టది.

బైరాగి నోట్లోంచి చేతులు తీశాడు.

"లాగు పైడమ్మా! లాగు!"

అంతే. ఆ ఒక్క గొంతు లేచేసరికి మిగతా గొంతులన్నీ తెగిన కట్టలా పడ్డాయి. ఇప్పలమెట్ట మొత్తం అరిచింది. పిట్టలు లేచాయి. ఏనుగు తాత చెవులు చాపాడు. ఇంకా చాపాడు. ఒక అడుగు ముందుకేసి వంగాడు. గీత మీద పైడమ్మ కాలు ఉంది. పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏమంటోందో మాత్రం దేవుడికే తెలియాలి.

"కూత వినపడలేదు. అవుట్" అన్నాడు ఏనుగు తాత. ఆ మాట చెప్పడం ఆయనకి కూడా ఇష్టంలేదు.

మర్నాడు పొద్దున్నే నల్లబండ కిటకిటలాడింది. ముందు ఎవరు అరిచారన్నది మొదటి ప్రశ్న. బైరాగేనని చిట్టెయ్య అన్నాడు. తాను మెల్లగానే అన్నానని, గట్టిగా అరిచింది చిట్టెయ్యేనని బైరాగి అన్నాడు. నువ్వంటే నువ్వని మధ్యాహ్నందాకా కొట్టుకున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆకలి వేస్తోంది. తప్పు తేలనిదే బండ దిగకూడదు. అందుకని అందరికీ నచ్చే తప్పు ఒకటి వెతుక్కున్నారు. అంతమంది అరుస్తారని తెలిసి కూడా పైడమ్మ ఇంకాస్త గట్టిగా కూత పెట్టకపోవడమే తప్పు. ఆ మాట అనగానే అందరికీ ప్రాణం లేచివచ్చింది. గుంజీళ్ళు తీయమని పైడమ్మకి కబురు పంపారు.

పొద ఖాళీగా ఉంది.

పైడమ్మ ఏటి అవతల ఇసుకలో ఉంది. సోములు ఉన్నాడు, రామినాయుడు ఉన్నాడు. ఆయన నెత్తి మీద కొత్త కొమ్ములు మెత్తగా మొలుస్తున్నాయి. ముగ్గురూ ఇసుకలో గీత గీసుకుని ఆడుకుంటున్నారు. కబురు తెచ్చిన చిట్టెయ్య బావమరిదిని చూసి పైడమ్మ కూత ఆపలేదు. మాట తెగకుండానే అతని చుట్టూ ఒక చుట్టు తిరిగి, గీత దగ్గరికి వెళ్ళిపోయింది. బావమరిది కాసేపు నిలబడి చూశాడు. తర్వాత తానూ గీత అవతల నిలబడ్డాడు. బండ దగ్గరికి జవాబు తీసుకెళ్ళలేదు. ఆ వారంలోనే జట్టులో మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే ఏరు దాటి వచ్చారు.

మరుసటి ఏడాది ఇప్పలమెట్టకి జట్టు లేదు. బరిలో మోకాలెత్తు గడ్డి పెరిగింది. బండ మాత్రం ఖాళీ లేదు. జట్టు లేకుండా పోవడానికి తప్పెవరిదని బైరాగి, చిట్టెయ్య, మిగతావాళ్ళు పొద్దుటినుంచి సాయంత్రందాకా వాదించుకుంటూనే ఉన్నారు. ఏటి అవతల పైడమ్మ కూత పెడుతూనే ఉంది. గాలి ఇటే వీస్తోంది. వాళ్ళు ఒక్క క్షణం ఊరుకుంటే వినపడేదే.

నీతి: తప్పెవరిదని అరిచే ముందు, ఆ అరుపే తప్పేమో చూసుకోవాలి.