బొంతయ్య పొద్దున ఏం తిన్నాడు

అనగనగా ఒక కొండ, ఆ కొండ చుట్టూ ఒక అడవి. ఆ అడవికి బొంతయ్య అనే ఎలుగుబంటి నాయకుడు. పరిచిన బొంతలా ఉంటాడని ఆ పేరు. మంచివాడే. తిండి కనిపిస్తే మాత్రం కాస్త మెత్తబడతాడు.

కొండ అవతల నేరేడు తోపు ఉంది. నడిచి వెళితే ఒక పూట పడుతుంది. అందుకని గద్దలు ఒక ఉపాయం కనిపెట్టాయి. కొండవాలులో ఎండుగడ్డి కాల్చేవి. వేడిగాలి పైకి లేచేది. ఆ గాలి ఊతంతో గంపలు ఎత్తి, వాటిలో కుందేళ్లనీ నక్కలనీ కూర్చోబెట్టి, చిటికెలో కొండ దాటించి, కూలిగా పళ్లు పుచ్చుకునేవి. ఎక్కినవాళ్లకు సరదాగానే ఉండేది. పొగ మాత్రం వాలులోని చెట్లలోకి పోయేది.

ఆ చెట్లలోనే పసిడి అనే గోరువంక గూడు ఉంది. గూట్లో పిల్లలన్నీ దగ్గుతున్నాయి. అన్నిటికన్నా చిన్నదానికి ఊపిరి ఆడడమే కష్టంగా ఉంది.

"అన్నా, నిన్ను నాయకుణ్ణి చేస్తే మంటలు ఆపిస్తానన్నావు" అంది పసిడి.

"ఆపిస్తాను చెల్లీ. వచ్చే సభలోనే" అన్నాడు బొంతయ్య.

మర్నాడు గద్దల పెద్ద గాలిరాజు పనస తొనలు పట్టుకుని గుహకు వచ్చాడు. "ఊరికే తెచ్చాను, నాయకుడు గారూ. నాకు మీతో పనేమీ లేదు" అన్నాడు. నిజంగానే ఏమీ అడగలేదు. బొంతయ్య తింటుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం పసిడి వచ్చి అడిగింది. "చూద్దాం. గద్దలకూ పిల్లలున్నాయి కదా" అన్నాడు బొంతయ్య.

కొన్నాళ్లకు గాలిరాజు తేనెపట్టు తెచ్చాడు. మళ్లీ కబుర్లు. ఈసారి పసిడి వస్తే, "పొగంతా గద్దలదేనంటావా? పొద్దున్నే మంచు పట్టదూ?" అన్నాడు బొంతయ్య.

"మంచుకు పిల్లలు దగ్గుతాయా అన్నా?" అంది పసిడి. బొంతయ్య వీపు గోక్కున్నాడు.

సభ రోజు పొద్దున ఇప్పపూలు వచ్చాయి, గంపెడు. ఎలుగుబంటికి ఇప్పపూలంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. బొంతయ్య గంప అడుగు కూడా నాకి, బయలుదేరాడు.

దారిలో పసిడి ఎదురొచ్చింది. "మనం ఆపితే పక్క అడవి గద్దలు ఆపుతాయా? మనమే ఎందుకు నష్టపోవాలి?" అన్నాడు బొంతయ్య.

పసిడి కోపం తెచ్చుకోలేదు. "సరే అన్నా. నువ్వు సభలో ఇదే చెబితే నేను పిల్లల్ని తీసుకుని వేరే అడవికి వెళ్లిపోతాను. చిన్నది అంత దూరం ఎగరలేదు. అయినా తప్పదు" అంది.

ఆ సభకు ఒక పద్ధతి ఉంది. ఎప్పుడో ఒక నాయకుడు పిచ్చి పుట్టగొడుగులు తిని, తల తిరిగి, ఏదో తీర్పు చెప్పాడట. అప్పటినుంచి, నాయకుడు ఆ పొద్దున ఏం తిన్నాడో, ఎవరు పెట్టారో చెప్పాకే మిగతా మాట ఎత్తాలి.

"ఏం తిన్నావు నాయనా?" అని అడిగింది ముసలి తాబేలు డిప్పవ్వ.

"ఇప్పపూలు."

"ఎవరు పెట్టారు?"

బొంతయ్య గొంతు సవరించుకున్నాడు. "గద్దలు."

వెనక ఒక నక్క కిసుక్కుమంది.

"మంచిది. కడుపులో నొప్పేమీ లేదు కదా? అయితే మంటల సంగతి చెప్పు" అంది డిప్పవ్వ.

"మనం ఆపితే పక్క అడవి గద్దలు..." అని బొంతయ్య ఆగిపోయాడు. ఆ మాట పైకి అంటుంటే తన గొంతులా లేదు. గాలిరాజు కబుర్లలా ఉంది. అతను పసిడి వైపు తిరిగాడు. "చెల్లీ, నేను నాయకుణ్ణి కాకముందు ఈ మాట ఎప్పుడైనా అన్నానా?"

"లేదన్నా. అప్పట్లో నీకు నువ్వే తవ్వుకు తినేవాడివి."

సభంతా నవ్వింది. బొంతయ్యా నవ్వాడు, కాస్త సిగ్గుగా.

"అయితే వినండి. నడవలేని ముసలివాళ్లకూ, జబ్బు చేసినవాళ్లకూ మాత్రమే మంట. అదీ గాలి చెట్లూ గూళ్లూ లేని రాళ్లగుట్ట వైపు వీచే రోజునే. మిగతావాళ్లం నడుద్దాం."

"అంత దూరమా?" అని గొణిగింది ఒక కుందేలు.

"నేనూ నడుస్తానుగా. ఈ పొట్ట చూడు, నాకేమన్నా సుఖమా?" అన్నాడు బొంతయ్య.

పొగ తగ్గింది. గూట్లో దగ్గులు తగ్గాయి. చిన్నదాని గొంతు మాత్రం బొంగురుగానే ఉండిపోయింది. ఆ గొంతుతోనే అది అన్నల్ని తెగ తిట్టేది.

కొన్నాళ్లకు గాలిరాజు మళ్లీ తేనెపట్టు పట్టుకుని వచ్చాడు. "మాకు కోపమేమీ లేదు, నాయకుడు గారూ. ఊరికే తెచ్చాను."

బొంతయ్య నోట్లో నీళ్లూరాయి. "బాగుంటుందా?"

"చాలా బాగుంటుంది."

"అందుకే వద్దు, తీసుకుపో" అని బొంతయ్య చెదపుట్ట తవ్వుకోవడానికి వెళ్లాడు.

నీతి: పెట్టినవాడు ఏమీ అడగకపోయినా, తిన్నవాడి మాట అటే వంగుతుంది. నలుగురి తరఫున మాట్లాడేవాడు ఎవరు పెట్టింది తిన్నాడో ముందు చెప్పాలి.