ఉప్పుమడిలో వెన్నెల

సముద్రపు ఒడ్డున ఉప్పుమళ్లలో పనిచేసే కూర్మారావు, ఎండకు జడిసి నీడన చేరడం నామోషీ అనుకునేవాడు. పదకొండు గంటలకు మిగతావాళ్లంతా పాకలోకి వెళ్లి గంజి తాగేవారు. అతను మాత్రం ఉప్పు లాగుతూనే ఉండేవాడు. ఎండ తనను ఏమీ చెయ్యలేదని అందరికీ చెప్పుకునేవాడు.

ఆ ఏడు వైశాఖంలో ఒకరోజు గాలి బొత్తిగా పడిపోయింది. పాకలో ఉన్న పెద్దావిడ పైడమ్మ గట్టు మీదికి వచ్చి పిలిచింది.

"నాయనా, ఇవాళ ఎండ వేరేలా ఉంది. కాసేపు నీడకి రా."

"ఈ మడి అయ్యాక వస్తానత్తా," అన్నాడు అతను తలెత్తకుండానే.

మొదట తలనొప్పి పుట్టింది. తర్వాత కడుపులో తిప్పింది. అతను లెక్కచెయ్యలేదు. కొంతసేపటికి నొప్పి ఎటో పోయి, ఒళ్లు దూదిలా తేలికైంది. కాళ్ల కింద ఉప్పు వెన్నెలలా పరుచుకుంది. ఉప్పుకుప్పలు తెల్లమబ్బులై మెల్లగా కదిలాయి. వాటి మధ్య నుంచి సముద్రం చప్పుడు చెయ్యకుండా అతని దగ్గరికి వచ్చింది. ఎప్పుడో పోయిన తల్లి ఆ నీళ్లలో నిలబడి, స్నానానికి రమ్మని చెయ్యి చాపింది. అతనికి హాయిగా చలి వేసింది. చేతిలో పార వదిలేసి, నవ్వుకుంటూ ఆమె వైపు నడిచాడు.

అతను తూలుతూ ఎటో పోతుంటే పైడమ్మ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పెనంలా కాలుతోంది. ఒంటిమీద చెమట చుక్క లేదు.

"అమ్మ పిలుస్తోంది, వదులు," అంటూనే అతను కూలబడిపోయాడు.

నలుగురూ కలిసి పాకలోకి మోసుకెళ్లారు. ఎవరో నోట్లో నీళ్లు పొయ్యబోతే, తెలివి తప్పినవాడికి పొయ్యకూడదని పైడమ్మ ఆపింది. తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ అతని ఒంటిమీద కుమ్మరించారు. మెడకూ చంకలకూ తడిగుడ్డలు పెట్టి, అంబులెన్సు వచ్చేదాకా చీరకొంగులతో విసురుతూనే ఉన్నారు.

మూడో రోజు ఆసుపత్రిలో అతనికి తెలివి వచ్చింది. చెమట ఆగిపోవడం, మండే ఎండలో చలి వెయ్యడం ప్రాణం మీదికి వచ్చిన గుర్తులని డాక్టరమ్మ చెప్పింది. ఆమె వెళ్లాక అతను మంచం పక్కన కూర్చున్న పైడమ్మ వైపు తిరిగాడు.

"అమ్మ ఎంత బాగా కనిపించిందో అత్తా," అన్నాడు.

పైడమ్మ దుప్పటి సర్దింది.

"మా ఆయనకీ ఆ మడిలోనే ఏదో కనిపించే ఉంటుంది నాయనా. అదేమిటో చెప్పడానికి తిరిగి రాలేదు."

కూర్మారావు కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది. మరుసటి వేసవి నుంచి పొద్దెక్కగానే అతనే ముందు పార దించి, మిగతావాళ్లను పాకలోకి పిలిచేవాడు.

ఒళ్లు హెచ్చరించినప్పుడు ఆగి నీడకు చేరేవాడే తెలివైనవాడు; పంతానికి పోతే ఎండ ఎంతటి బలవంతుణ్ణయినా పడగొడుతుంది.