కనకారావుగారి గంట

తన మొదటి అవధానం ఇంక వారం ఉందనగా హరిణికి ఆ విద్య మీద నమ్మకం పోయింది.

విశాఖపట్నంలో ఆమె చేసే ఉద్యోగం కంప్యూటర్ల దగ్గరే. సెలవు రోజుల్లో మాత్రం విజయనగరం వచ్చి, మృత్యుంజయ అవధానిగారి వసారాలో కూర్చుని పద్యం నేర్చుకునేది. చిన్నప్పటి నుంచీ ఆమెకున్న పిచ్చి అవధానం ఒక్కటే. చుట్టూ కూర్చున్న వాళ్లు తలొక చిక్కు ప్రశ్న వేస్తుంటే, కాగితం, కలం ముట్టకుండా ఒక్కొక్కరికి ఒక్కో పాదం చొప్పున పద్యాలు అల్లుకుంటూ పోవాలి. మధ్యలో ఒకరు అడ్డమైన కబుర్లన్నీ చెప్పి మనసు మళ్లిస్తారు. ఇంకొకరు తోచినప్పుడల్లా గంట కొడతారు. ఆఖర్న పద్యాలన్నీ వరసగా అప్పజెప్పి, గంట ఎన్నిసార్లు మోగిందో కూడా చెప్పాలి. అవధాని పీట మీంచి లేవకూడదు. "మళ్లీ చెప్పండి" అనకూడదు.

ఆ శనివారం హరిణి వచ్చింది గానీ పుస్తకం తియ్యలేదు.

"ఏమ్మా, మొహం అలా వేలాడేసుకున్నావు?" అన్నారు అవధానిగారు.

"నేను సభ చెయ్యను గురువుగారూ."

"గొంతు బాగాలేదా?"

"మనసు బాగాలేదు" అంటూ ఆమె సంచిలోంచి ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది. "ఇందులో కృత్రిమ మేధ ఉంది. మాట్లాడితే మాట్లాడుతుంది. సమస్య ఇస్తే తుమ్మినంత సేపట్లో పద్యం చెప్పేస్తోంది. వెయ్యి మంది ఒక్కసారి అడిగినా తడబడదు. విన్నది మర్చిపోదు. ఇన్నేళ్లూ నేను మీ దగ్గర కూర్చుని, తల బద్దలు కొట్టుకుని నేర్చుకున్నదంతా ఇది ఇట్టే చేసేస్తుంటే, ఇంక నేనెందుకు, మీ..."

ఆగిపోయింది. 'మీరెందుకు' అనబోయిందని ఇద్దరికీ తెలిసింది. హరిణి సిగ్గుతో తల దించుకుంది.

అవధానిగారికి మాత్రం కోపం రాలేదు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా ఫోన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏదీ, అడుగుదాం" అని ఓ సమస్య ఇచ్చారు. పాలు విషంలా చేదుగా ఉన్నాయని చెప్పే పాదం అది. మిగతా మూడు పాదాలూ కట్టి దాన్ని ఒప్పించాలి.

ఫోన్ వెంటనే అందుకుంది. జ్వరం తగిలి నోరు చేదెక్కిన పసివాడికి అమ్మ తాగిస్తున్న పాలని పద్యం పూర్తి చేసింది.

ఆయన కళ్లు మూసుకుని మళ్లీ చెప్పించుకుని విన్నారు. ఎక్కడో ఓచోట తప్పు పట్టి పక్కన పడేస్తారని హరిణి ఆశపడింది. "భేషుగ్గా ఉందే!" అన్నారాయన. "నాకైతే ఆ జ్వరం ఇంత తొందరగా తట్టేది కాదు."

హరిణి ఫోన్ కోసం చెయ్యి చాపింది.

"రేపు పొద్దున్నే దీన్ని కూడా తీసుకురా. నీ పక్కన దీనికీ ఓ పీట వేద్దాం. ఇద్దరికీ అవే ప్రశ్నలు."

మర్నాడు వసారాలో రెండు పీటలు వేశారు. ఒకదాని మీద హరిణి కూర్చుంది. రెండోదాని మీద ఇత్తడి చెంబుకు ఆనించి ఫోన్ నిలబెట్టారు. గురువుగారి భార్య వర్ధనమ్మగారు హరిణికి బొట్టు పెట్టి, అదే చేత్తో ఫోన్‌కీ ఓ బొట్టు పెట్టారు. "పీట మీద కూర్చున్నాక అదీ అవధానే. మనకు తేడాలెందుకు?" అన్నారు.

అడ్డమైన కబుర్లు చెప్పే పని ఆవిడదే. ఆ పనికి ఆవిడను మించిన వాళ్లు ఊళ్లో లేరని అవధానిగారే ఒప్పుకుంటారు. ప్రశ్నలన్నీ ఆయన వేస్తారు. ఇక గంట కనకారావుగారిది. రైల్వేలో గార్డు పని చేసి రిటైరైన మనిషి. అవధానిగారి తొలి సభ నుంచీ గంట కొట్టేది ఆయనే. అంత బరువైన ఇత్తడి గంటనూ పాత తువ్వాల్లో చుట్టి, చంకన పెట్టుకుని వచ్చారు.

"ఏటమ్మా, ఇంత చిన్న డబ్బాలోనే అంతా ఆలోచించేస్తదా?" అన్నారు ఫోన్ వంక వింతగా చూస్తూ.

"ఇందులో కాదండి. ఎక్కడో పెద్ద పెద్ద గోదాముల్లో యంత్రాలుంటాయి. వాటికి బోలెడు కరెంటు కావాలి. వేడెక్కిపోకుండా చల్లబరుస్తూ ఉండాలి."

"మా ఆయనకి గ్లాసుడు కాఫీ చాలు. వేడెక్కితే మాత్రం చల్లబరచడం నా వల్ల కూడా కాదు" అన్నారు వర్ధనమ్మగారు.

అందరూ నవ్వారు. అవధానిగారు మొదటి ప్రశ్న వేశారు.

మొదట్లో హరిణి వెనకబడింది. పక్క పీట మీంచి పాదం తరవాత పాదం జారిపోతుంటే, ఆమె ఒక్కో మాటా వెతుక్కుని తెచ్చుకుంది. వర్ధనమ్మగారు ఫోన్‌ని, "ఏం నాయనా, ఆవకాయలో ఆవపిండి ఎక్కువైతే ఏం చెయ్యాలి?" అని అడిగారు. అది ఓపిగ్గా నాలుగు ఉపాయాలు చెప్పి, ఆవిడ వంటను మెచ్చుకుని మరీ ఆగింది. అదే ప్రశ్న హరిణిని అడిగితే, "పక్కింటికి పంపించేసి, వాళ్లు ఖాళీ సీసా తిరిగిచ్చేదాకా ఎదురుచూడాలి అమ్మగారూ" అంది. ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వుతో హరిణికి ప్రాణం లేచొచ్చింది. అక్కణ్ణుంచి మాటలు వాటంతటవే వచ్చి కూర్చోసాగాయి. ఫోన్ సంగతి కాసేపు మర్చిపోయింది కూడా.

వేసవి మధ్యాహ్నాన్ని వర్ణించమన్న పద్యంలో మూడో పాదం నోటిదాకా వచ్చింది. అప్పుడే గంట మోగింది.

మోత మారింది. ఇందాకటి దాకా ఖంగుమన్న గంట ఈసారి అంచుకు ఏదో తగిలినట్టు పొడిగా పలికింది. హరిణి పక్కకు చూసింది. గంట కనకారావుగారి ఎడమ చేతిలో ఉంది. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. ఆయన మొహాన నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు. ఎండ తిరిగి ఆయన నెత్తి మీదికి వచ్చింది. తువ్వాలుతో చెమట తుడుచుకుందామన్నా కుడి చెయ్యి లేవలేదు.

 హరిణి లేచి వెళ్దామంటే పీట దిగకూడదు. పాదం ఆపితే తెగిపోతుంది.

సరిగ్గా అప్పుడే వర్ధనమ్మగారు అందుకున్నారు. "ఏమ్మా అవధానీ, మా వీధిలో కుక్క ఈనింది. పిల్లలకు ఏం పేర్లు పెట్టమంటావు?"

"బారసాల తరవాత చేద్దాం అమ్మగారూ. ముందు మీరు ఆ గంట లాక్కుని కనకారావుగారికి మజ్జిగ ఇవ్వండి. లేకపోతే ఆయన కుడి చెయ్యి నా మీద వ్యాజ్యం వేసేలా ఉంది."

"అబ్బే, నాకేటీ లేదమ్మా" అంటూ కనకారావుగారు చెయ్యి తువ్వాలు కింద దాచుకున్నారు. వర్ధనమ్మగారు అప్పటికే లేచారు. మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, కుర్చీ నీడలోకి జరిపించి, మిగతా గంటలు తానే కొడతానని గంట తన పక్కన పెట్టుకున్నారు. ఆయన ఆ గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేశారు. అది చూశాకే హరిణి మూడో పాదం చెప్పింది.

చివరికి ధారణ దగ్గరికి వచ్చారు. ముందు ఫోన్ పద్యాలన్నీ గడగడా అప్పజెప్పింది. గంటల లెక్కా చెప్పింది. తరవాత హరిణి. ఒక్కచోట మాట తడబడినా, సర్దుకుని అన్నీ ఒప్పజెప్పింది. గంటల లెక్క చెప్పింది.

వర్ధనమ్మగారు గంట మోగినప్పుడల్లా పళ్లెంలో ఓ చింతపిక్క వేస్తూ వచ్చారు. వాటిని లెక్కపెట్టి, ఆ మాట చెప్పలేక చెప్పారు. "ఒకటి తక్కువ చెప్పావు తల్లీ. ఇదే సరిగ్గా చెప్పింది."

మజ్జిగ గొడవలో ఎక్కడో ఒకటి జారిపోయింది. హరిణి కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూశారా గురువుగారూ! నేను చెప్పలేదా?"

అవధానిగారు ఆ మాట విన్నట్టే లేరు. లేచి వెళ్లి కనకారావుగారి ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"చెయ్యి ఎత్తు."

కనకారావుగారు మొహమాటంగా ఎత్తారు. భుజం దాకా కూడా రాలేదు.

"ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్లయిందిలెండి. కుడిది మొరాయిస్తే ఎడమ చేతికి మార్చేసుకుంటాను. రాజాం సభలోనూ, బొబ్బిలి సభలోనూ ఎడమ చేత్తోనే కొట్టాను కదా!"

"నాకు చెప్పలేదేం?"

"మీరు పద్యంలో ఉంటారు కదండీ, చెప్పడం ఏటుంది? నేనెలా కొట్టినా మీరు ఒక్క దెబ్బ పోనివ్వరు. జనం చప్పట్లు కొడతంటే నాకెంత గొప్పగా ఉంటదో!" అన్నారు కనకారావుగారు. ఆ మాటల్లో ఎక్కడా నిష్ఠూరం లేదు.

అవధానిగారు ఆ లేవని చేతి వంకే చూస్తూ ఉండిపోయారు. ఆ నిశ్శబ్దం అర్థంకాక కాబోలు పీట మీంచి ఫోన్, "ఇంకేమైనా సహాయం కావాలా?" అంది.

"నువ్వు కాసేపు ఊరుకో నాయనా" అన్నారు వర్ధనమ్మగారు. లోపలికెళ్లి నువ్వుల నూనె వెచ్చబెట్టి తెచ్చారు. అవధానిగారు గిన్నె ఆవిడ చేతిలోంచి అందుకున్నారు. కనకారావుగారు వద్దు వద్దంటున్నా వినకుండా చొక్కా విప్పించి, తానే భుజానికి నూనె రాయడం మొదలుపెట్టారు.

"వచ్చే ఆదివారం సభలో గంట నేను కొడతాను. నువ్వు ముందు వరసలో కూర్చో కనకారావ్" అన్నారు.

"మీరు కొట్టడమేటండీ!"

"రాకపోతే నేర్పుదువుగాని."

హరిణి కళ్లు తుడుచుకుంది. అంటే గురువుగారు తన సభ రద్దు చెయ్యలేదని ఆమెకు అప్పటికి తట్టింది. తటపటాయిస్తూనే అడిగింది. "గురువుగారూ, ఇవాళ నేను లెక్క తప్పాను కదా. సభ రోజు అందరి ముందూ తప్పితే?"

ఆయన భుజం మీంచి చూపు తిప్పలేదు.

"ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ లెక్క తప్పలేదమ్మా, ఈ భుజం మాత్రం నా కంట పడలేదు" అన్నారు.

హరిణి ఆయన మొహం చూసింది. అక్కడ గర్వం ఉందేమోనని వెతికింది. కనిపించలేదు. నూనె చేతులు నెమ్మదిగా భుజం మీద తిరుగుతున్నాయి. కనకారావుగారు హాయిగా కళ్లు మూసుకున్నారు.

హరిణి లేచింది. పక్క పీట మీది ఫోన్ తీసి, బొట్టు చెరగకుండా సంచిలో పెట్టుకుంది. తరవాత తన పీటను కాస్త పక్కకు, కనకారావుగారి మొహం కనబడేటట్టు జరుపుకుని కూర్చుంది.

"సమస్య ఇవ్వండి గురువుగారూ" అంది.